తొంభై ఒక్క శాతం

మాది గొంతు జబ్బుల ఆసుపత్రి. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. అక్కడి కంప్యూటర్లు చూసుకునేదాన్ని. రెండో అంతస్తులో, దుప్పట్లు ఇస్త్రీ చేసే గది పక్కన, సర్వర్ల గది నాది. కిటికీ లేదు. గోడ అవతల నుంచి వేడి బట్ట వాసన వస్తుంటుంది, ఇవతల ఏసీ చలి ఎముకలు కొరుకుతుంటుంది. లైటు మహా పిసినారిది. మనిషి కదిలితే వెలుగుతుంది, మూడు నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది. మళ్ళీ చెయ్యి ఊపాలి. ఒక్కదాన్నే కూర్చుని గాల్లో చేతులూపుతుంటే ఇస్త్రీ అతను తలుపులోంచి తొంగిచూసి, "ఎవరికమ్మా టాటా చెప్తున్నావ్?" అని ఏడిపించేవాడు.

ఆ గదిలో నేను చేసింది ఒక్క గుమ్మంలో తప్ప ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు. చెప్పుకునేంత ఘనకార్యమైతే కదా.

గొంతు తీసేసే ఆపరేషన్‌కి ముందు రోగుల చేత మాటలు చదివించి రికార్డు చేస్తారు. ఆ పని చేసేది మా టీచరమ్మ. మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. "నాకు నీళ్ళు కావాలి", "తలుపు ఎవరు తీశారు", "ముందు నువ్వు తిను"... ఇలాంటివి ఎనిమిది వందల వాక్యాలు. తర్వాత అరచేతిలో పట్టే పరికరం మీద అక్షరాలు నొక్కితే అది రోగి సొంత గొంతుతోనే మాట్లాడుతుంది.

ఆ గొంతులన్నీ దాచింది ఒక వర్చువల్ మెషీన్‌లో. విడిగా కంటికి కనబడే కంప్యూటర్ కాదది. పెద్ద కంప్యూటర్ కడుపులో నడిచే ఇంకో కంప్యూటర్. దానికి ఒళ్ళంటూ ఏదైనా ఉంటే, అది డిస్క్ ఫైలే. అందులో నాలుగు వందల పన్నెండు మంది గొంతులు. కొందరు బతికున్నారు, కొందరు లేరు.

చివరగా చేరింది ఒక రిటైరైన బస్సు కండక్టర్ గొంతు. నేను బాబాయి అని పిలిచేదాన్ని. పదకొండు రోజులు వచ్చి చదివాడు. పక్కన ఆయన చొక్కా అంచు పట్టుకుని భార్య కూర్చునేది. ఆవిడకు చూపు లేదు. "నాకు ఆయనంటే గొంతేనమ్మా. ఆ గొంతు రాకపోతే ఇంట్లో తిరిగేది ఎవరో నాకేం తెలుస్తుంది?" అంది ఒకసారి, నవ్వుతూనే. నవ్వలేకపోయాను.

శుక్రవారం ఆయనకు ఆపరేషన్ అయింది. సోమవారం పరికరంలో గొంతు ఎక్కించాలి. మధ్యలో ఆదివారం మధ్యాహ్నం నేను సర్వర్లో చోటు కోసం పాత ఫైళ్ళు చెరిపేస్తూ కూర్చున్నాను. ఎప్పుడో మూసేసిన విభాగం పేరుతో పెద్ద ఫోల్డర్ కనబడింది. ఎవరిని అడగాలి, ఆదివారం పూట? చెరిపేశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని డబ్బా విప్పి అన్నం తిన్నాను.

అప్పుడు టీచరమ్మ ఫోన్. "ఏమ్మా, రేపు కండక్టర్ గారికి గొంతు పెట్టాలి. మెషీన్ బాగానే ఉందిగా?"

"భేషుగ్గా ఉంది టీచరమ్మా," అంటూనే తెర తెరిచాను. గొంతుల మెషీన్ నడుస్తోంది. దాని కింద ఎర్రగా ఒక వరస: డిస్క్ ఫైలు కనబడటం లేదు.

మెషీన్‌కి పేరు మార్చారు, ఫోల్డర్‌కి పాత పేరే ఉండిపోయింది. నేను చెరిపింది దాని ఒంటినే.

పోనీ, బ్యాకప్ ఉంటుందిగా అంటారా? ప్రతి శుక్రవారం "బ్యాకప్ తీశాను" అని రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. మూడు నెలలుగా సంతకం మాత్రమే పెట్టాను.

ఒక్క దారి మిగిలింది. ఫైలు చెరిపేసినా, దాన్ని పట్టుకున్న మెషీన్ నడుస్తున్నంతసేపు అది నిజంగా పోదు. తనకు ఒళ్ళు లేదన్న సంగతి ఆ మెషీన్‌కి ఇంకా తెలియదు. నడుస్తుండగానే లోపలున్నదంతా వేరే డిస్క్ మీదికి కాపీ చేసుకోవాలి. ఈలోగా ఆపితే మాత్రం అంతా పోయినట్టే. కాపీ మొదలుపెట్టాను. రెండు గంటలు పడుతుందని చూపించింది.

కదలకుండా తెరకేసి చూస్తూ కూర్చున్నాను. పది శాతం. ఇరవై. లైటు ఆరిపోయింది. చెయ్యి ఊపాను, వెలిగింది. మళ్ళీ ఆరింది, మళ్ళీ ఊపాను.

నలభై శాతం దగ్గర మానిటర్ స్పీకర్‌లోంచి ఒక చప్పుడు. ఇన్నేళ్ళలో అందులోంచి బీప్ తప్ప ఏమీ వినలేదు. ఇది బీప్ కాదు. ఎవరో గాలి పీల్చుకుంటున్నారు... మెడకు పెట్టిన రంధ్రంలోంచి పీల్చినట్టు, తడిగా, ఈల వేస్తున్నట్టు. మా వార్డుల్లో రోజూ వినే చప్పుడే. ఏసీదేమో అనుకున్నాను. ఏసీ వైపు చూశాను. చప్పుడు అటు నుంచి రావటం లేదు.

అరవై శాతం.

"నాకు నీళ్ళు కావాలి," అన్నాడు ఒక ముసలాయన. "తలుపు ఎవరు తీశారు," అంది ఒక ఆడగొంతు. రికార్డింగులే... ఏదో పొరపాటున ఆడుతున్నాయి, అంతే... అని నాకు నేనే చెప్పుకున్నాను. స్పీకర్ మీట కిందికి తిప్పాను. గొంతు తగ్గలేదు. వైరు లాగేశాను.

"వైరు ఎందుకు తీశావు?" అంది అదే ఆడగొంతు.

ఆ వాక్యం ఎనిమిది వందల్లో లేదు. అప్పుడు ఇంకో సంగతి గమనించాను. ఎంతసేపటి నుంచో నేను బిగుసుకుని కూర్చున్నాను. లైటు ఆరలేదు. ఆ గదిలో కదులుతున్నది... నేను కాదు.

ఎనభై శాతం. ఇప్పుడు చాలామంది. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, గుసగుసగా.

"సంతకం..."

"ఎవరిది?"

"తీయకుండానే..."

"తీశానని రాసింది..."

మధ్యలో కండక్టర్ బాబాయి గొంతు, హుషారుగా: "జరగండి, జరగండి... లోపలికి జరగండి... అమ్మాయి పక్కన ఖాళీ ఉంది." ఆయన పై అంతస్తులో, మెడకు కట్టుతో, బతికే ఉన్నాడు. నా కుడిభుజానికి చల్లటి ఊపిరి తగిలింది. తర్వాత ఎడమభుజానికి.

అయినా పారిపోలేదు. అది నా ధైర్యమనుకోకండి. తొంభై శాతం. ఇంకో పది నిమిషాలు చాలు, నా తప్పు ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది. ఆ ఆశే నన్ను కుర్చీకి కట్టేసింది.

అంతలో వరండాలో చెప్పుల చప్పుడు. టీచరమ్మ నడక నాకు తెలుసు. సెలవు రోజని చూడకుండా, చూసిపోదామని వచ్చినట్టుంది.

లోపల గొంతులన్నీ ఒక్కసారిగా పెద్దవయ్యాయి. "టీచరమ్మా... ఈ పిల్ల ఏం చేసిందో తెలుసా..."

తొంభై ఒకటి.

మెషీన్ ఆపేశాను.

భయంతో ఆపానని ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకున్నాను. కాదు. భయంతోనైతే ముందే ఆపేదాన్ని. ఆవిడ వినకూడదని ఆపాను. నా పరువు కోసం నాలుగు వందల పన్నెండు మంది నోరు నొక్కేశాను.

తలుపు తెరుచుకుంది. గది నిశ్శబ్దంగా ఉంది. "ఏమ్మా, ముఖం అలా పాలిపోయింది?"

"డిస్క్ పాడైంది టీచరమ్మా... పాతవన్నీ పోయాయి." అక్కడితో ఆగినా బాగుండేది. "కండక్టర్ గారి గొంతు అసలు ఎక్కనే లేదు. మీరు సేవ్ చేయడం మరిచిపోయినట్టున్నారు," అన్నాను.

ఆవిడ నన్ను అనుమానించలేదు. తనని తాను అనుమానించుకుంది.

సోమవారం బాబాయి పరికరంలో కంపెనీవాళ్ళ గొంతు పెట్టారు. చదువుకున్న కుర్రాడి గొంతు. ఆయన మొదటి మాట నొక్కాడు: "ఏమేవ్, నేనే." భార్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎవరు బాబూ నువ్వు?" అంది. టీచరమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, నాదే పొరపాటమ్మా అని ఏడ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాను. ఆ నెలాఖరుకి టీచరమ్మ ఉద్యోగం మానేసింది.

అన్నం సయించలేదు. నెల తిరిగేసరికి ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. వీధి నిర్మానుష్యంగా ఉంది. ఎండ చుర్రుమంటోంది. తలుపు ఆవిడే తీసింది. లోపల బాబాయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పరికరం ఎక్కడో మూల పడేసినట్టుంది, చేతిలో లేదు.

గుమ్మంలోనే చెప్పేశాను. "పిన్నిగారూ, తప్పు టీచరమ్మది కాదు. చెరిపింది నేను. మెషీన్ ఆపింది నేను. టీచరమ్మకు అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఆవిడ తిట్టలేదు. తల ఒక పక్కకు వంచి, నన్ను దాటి వినసాగింది.

"ఈ మాట చెప్పడానికి ఇంతమందిని వెంటబెట్టుకుని రావాలా అమ్మా?" అంది మెల్లగా. "ఎండలో నిలబెట్టావు, పాపం ఆయాసపడుతున్నారు. లోపలికి రమ్మను."

నేను ఒక్కదాన్నే వచ్చాను. వెనక్కి తిరిగే ధైర్యం లేక బాబాయి ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. నా భుజం మీదుగా వీధిలోకి చూస్తున్నాడు. మెల్లగా చెయ్యెత్తి, బయల్దేరే ముందు బస్సులో జనాన్ని లెక్కపెట్టుకునేటట్టు, చూపుడు వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముందు నన్ను. తర్వాత నా వెనక... ఒకటి... ఇంకొకటి... పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఎంతసేపటికీ ఆ వేలు ఆగలేదు.