బ్రెడ్డు బండి గొంతు నొక్కిందెవరు?

తెల్లవారకముందే తలుపు దబదబా మోగింది. డిటెక్టివు గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి గడియ తీశారు. ఎదురుగా బేకరీ యజమానురాలు. చేతులకు మోచేతుల దాకా పిండి.

"మా బండిని ఎవరో చంపుతున్నారండీ! రోజూ పొద్దున్నే చంపుతున్నారు, ఎండెక్కేసరికి మళ్లీ లేచి కూర్చుంటోంది."

చీమ తుమ్మితే దానికి జలుబెక్కడ తగిలిందో డిటెక్టివు గారు చెప్పేయగలరని ఊళ్లో ప్రతీతి. ఆ మాట పుట్టించింది ఆయన సహాయకుడు, రిటైరైన లెక్కల మాస్టారు. పుట్టించి, తనే నమ్మేశాడు కూడా.

డిటెక్టివు గారు మాస్టారిని వెంటబెట్టుకుని బయల్దేరారు. దారిలో ఆవిడ సంగతంతా చెప్పింది. అది ఇంజెక్షన్ ఇంజనున్న పాత పెట్రోలు పికప్. చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, వణుకుతుంది, చచ్చిపోతుంది. ఆస్పత్రికి బ్రెడ్డు రోజూ ఆలస్యమే.

"కొత్త బండి కొనిపించడానికి డ్రైవరే పెట్రోల్లో ఏదో కలుపుతున్నాడని మా మామయ్య పట్టు. ఇవాళ నిజం తేలకపోతే అతన్ని పంపేయాలట. నా పెళ్లినాటి నుంచీ ఉన్న మనిషండీ!"

బేకరీ వెనక షెడ్డులో మామగారు స్టూలు మీద కూర్చుని స్పానర్లు తుడుస్తున్నారు. పక్కన నూనె డబ్బా, బ్రష్షు. ఆయన ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. డ్రైవరు దూరంగా గోడకానుకుని నిలబడ్డాడు.

"బండిని చూసుకునేదెవరు?" అన్నారు డిటెక్టివు గారు.

"ఇంకెవరు, నేనే! నా లారీకి ఎలా చేశానో దీనికీ అలాగే, వారం వారం. కన్నబిడ్డకు కూడా అంత చెయ్యలేదు."

"అది నిజమేలెండి, మీ అబ్బాయీ అదే అంటారు," అంది కోడలు.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఈసారి యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టు," అన్నారు డిటెక్టివు గారు. నిలిచింది. కాలు తీస్తే మళ్లీ ఆగింది. ఆయన రబ్బరు గొట్టాల దగ్గర చెవి పెట్టి విన్నారు. ఎక్కడా గాలి కారే చప్పుడు లేదు. ఇంజను వేడెక్కేదాకా తొక్కించి, కాలు తీయమన్నారు. ఈసారి నిమ్మళంగా తిరిగింది. ఊరి చివరిదాకా బరువుతో తిప్పించినా ఒక్క దగ్గు లేదు.

అప్పుడు ఇంజను ఆపించి, గాలి వడగట్టే పెట్టె మూత తీసి లోపలికి చూశారు. వేళ్లు తుడుచుకుని అందర్నీ దగ్గరకు పిలిచారు.

"కల్తీ పెట్రోలైతే బరువు మోసేటప్పుడు ఇంకా దగ్గాలి. కాబట్టి డ్రైవరు నిర్దోషి."

డ్రైవరు గట్టిగా ఊపిరి వదిలాడు.

"యాక్సిలరేటర్ తొక్కితే గాలికి పెద్ద తలుపు తెరుచుకుంటుంది. కాలు తీస్తే అది మూసుకుంటుంది, అప్పుడు బండి ఆ తలుపు పక్కనున్న సన్నదారిలోంచి ఊపిరి తీసుకోవాలి. ఆ దారికి ఒక చిన్న వాల్వుంది. చలిలో ఎక్కువ గాలి కావాలి, అది బాగా తెరుచుకోవాలి." ఆయన వాల్వు ఊడదీసి చూపించారు. నల్లటి జిగట. "ఇది చలికి బిగుసుకుంటుంది, వేడికి కరుగుతుంది. అందుకే పొద్దున చావు, ఎండెక్కితే పునర్జన్మ!"

"ఆహా!" అన్నాడు మాస్టారు. 

"ఈ జిగట ఎక్కడిదంటారా?" డిటెక్టివు గారు పెట్టెలోంచి కాగితపు ఫిల్టరు పైకెత్తారు. నూనె బొట్లుబొట్లుగా కారింది. "పాత లారీల్లో గాలి నూనె మీదుగా పోయేది, నూనె పోయకపోతే పాపం. ఈ కాగితానికి పోస్తే పాపం. ఆ తుంపర్లే లోపలికెళ్లి పేరుకున్నాయి."

మామగారి చేతిలో స్పానరు ఆగిపోయింది.

"అంటే... నేనా?"

"మీరే. ఇంత శ్రద్ధగా నేరం చేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

వాల్వు శుభ్రం చేశారు, ఫిల్టరు మార్చారు. అయినా డ్రైవరు తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"బండి బాగైందమ్మా. కానీ దొంగను చూసినట్టు చూశాక, నేనింకెలా ఉండను?"

మర్నాడు పొద్దున కళ్లు తెరవలేనంత చలి. అయినా డ్రైవరు వచ్చాడు. సామాను తీసుకుపోదామని.

షెడ్డు ముందు మామగారు తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నారు. అతని చేతిలో పెట్టి, తాను రెండోవైపు ఎక్కి కూర్చున్నారు.

డ్రైవరూ ఎక్కి తాళం తిప్పాడు. యాక్సిలరేటర్ జోలికి పోకుండానే ఇంజను గట్టిగా లేచి, మెల్లగా సర్దుకుని తిరిగింది.

"మీరెక్కడికి పెద్దాయనా?"

"ఆస్పత్రికి. ఆలస్యానికి ఇన్నాళ్లూ నిన్ను తిట్టారటగా. ఆ తిట్లు నావని చెప్పి తెచ్చుకుంటా."

డ్రైవరు గేరు వేశాడు.

"అయితే బెల్టు పెట్టుకోండి."