మైల కాదత్తయ్యా!

"అత్తయ్యా! ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి... ఆయన ఇంకా బయటికి రాలేదు!"

దీపశ్రీ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పెరట్లోని స్నానాలగదిలోకి వెళ్ళిన ఉదయ్, మూడున్నరయినా తలుపు తియ్యలేదు.

"ఏందమ్మాయ్ ఆ కంగారు?" వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న లక్ష్మీకాంతం తలైనా ఎత్తలేదు. "చావుకాడికి పోయొచ్చినోడు తల తడుపుకోకుండా గడప తొక్కుతాడా ఏంది? నా కొడుక్కి ఆచారం ఎక్కువ. ఈ కాలంలో ఇట్టాంటి పిల్లోణ్ణి ఇంకొకణ్ణి చూపించు!"

పక్కింటి బసవమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నవ్వింది. "ఆచారమైతే మాత్రం గంటన్నరా లచ్చికాంతం? నరసరావుపేట నీళ్ళన్నీ మీవాడే పోసుకుంటే మేమేం తాగాలి?"

ఉదయ్ జిల్లా పోలీసుల క్లూస్ టీమ్‌లో వేలిముద్రల నిపుణుడు. హత్యయినా, ఆత్మహత్యయినా, ప్రమాదమైనా అందరికంటే ముందు వెళ్ళేది వాళ్ళే. పెళ్ళయి మూడు నెలలే! ఈ ఇంట్లో ప్రతిదీ దీపశ్రీకి ఒక పండగే... అడక్కుండానే అన్నంలో అత్తయ్య వేసే రెండో చెంచా నెయ్యి, సందు మలుపులో ఆయన రెండుసార్లు కొట్టే బండి హారను, ఆయన దగ్గర గుప్పుమనే గంధం సబ్బు వాసన! సబ్బు నాలుగు రోజులకే అరిగిపోతుంటే, "మా ఆయన ఒట్టి గంధపుచెక్కే!" అని స్నేహితురాళ్ళకు ఫోనులో చెప్పుకుని పడీ పడీ నవ్వింది. ఎంత తెలివితక్కువగా నవ్వింది! ఇరవై రోజులుగా ఆయన తన చెయ్యి పట్టుకోవడం లేదని తెలిసి కూడా, పనిలో అలసట కాబోలు అనుకుంది...

నీళ్ళ చప్పుడు ఆగాక, తలుపవతల నుంచి మరో చప్పుడు వినిపించింది. ఎవరో నోరు మూసుకుని ఏడుస్తున్న చప్పుడు!

"ఏమండీ! తలుపు తియ్యండి! మీ కాళ్ళు పట్టుకుంటాను..."

గడియ తీసిన చప్పుడయింది. ఒంటిమీది బట్టలతోనే నిలువునా తడిసి ఉన్నాడు ఉదయ్. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు కారుతోంది.

"మోటారు వెయ్యవా దీపా... ఇంకా పోలేదు!"

ఆమె చెయ్యి చాచగానే అతను గోడకు అంటుకుపోయాడు. "వద్దు! నన్ను ముట్టుకోవద్దు!"

"ఏం జరిగిందో చెప్పండి... నేను మీ భార్యను కానా?"

అతను అక్కడే, తడి గచ్చు మీద కూలబడ్డాడు. ఇరవై రోజుల కింద రొంపిచెర్ల రోడ్డులో మిరపకాయల కోతకు వెళ్తున్న కూలీల ఆటో బోల్తా పడిందట. చనిపోయిన వాళ్ళలో ఒక పిల్ల ఎవరో తెలియలేదు. వేలిముద్రలు తియ్యాల్సి వచ్చింది.

"పది వేళ్ళకీ గోరింటాకు దీపా... అచ్చం నీ చేతుల్లాగే! ఒక్కో వేలికీ సిరా రాసి కాగితం మీద దొర్లించా. తెల్లారి వాళ్ళ నాన్న నూజెండ్ల నుంచి వచ్చాడు. నా చేతులు పట్టుకుని, నా బిడ్డను చివరికి తాకింది నువ్వేనా అయ్యా అని అడిగాడు... ఆ చేతులతో నీ చెయ్యి ఎట్టా పట్టుకోను?"

లక్ష్మీకాంతం లేచి వచ్చి, కొడుకు చేతులు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో నా తండ్రీ! ఏదో గాలి సోకిందమ్మాయ్! మైల బాగా అంటుకున్నట్టుంది. రేపే తాయెత్తు కట్టిద్దాం!"

"మైల కాదత్తయ్యా!" ఆ ఇంట్లో దీపశ్రీ గొంతు పెంచడం అదే మొదటిసారి. "మైలయితే ఒక్క స్నానంతో పోయేది కాదా? మీరు చెప్పిన ఆచారంలో కూడా ఒక్క స్నానమేగా! ఆయన రోజుకు ఆరుసార్లు చేస్తున్నారు..."

లక్ష్మీకాంతం తాయెత్తు మాట వదిలేసి కొడుకు పక్కన కూర్చుంది.

టీమ్‌లో ఫోటోలు తీసే సాదియాకు దీపశ్రీ ఫోను చేస్తే, ఆమె అరగంటలో వచ్చింది.

"వదినా, డిపార్టుమెంటు వాళ్ళు మాకోసం కౌన్సెలింగు పెట్టారు. డాక్టరమ్మ గురువారం గురువారం వస్తది. అన్నను రెండుసార్లు పిలిస్తే, అవసరం లేదని రాసి సంతకం పెట్టాడు. నేను ఆర్నెల్లు పోయినా. కెమెరా కంటికి పెట్టుకుంటే ఊపిరాడేది కాదు నాకు!"

"నీ సంగతి వేరు సాదియా," ఉదయ్ తల దించుకున్నాడు. "నన్ను పిచ్చోడంటారు... రేపు దీపను పిచ్చోడి పెళ్ళాం అంటారు!"

"అంటారు మరి!" గోడ మీంచి బసవమ్మ అందుకుంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా! బజారులో తెలిస్తే మీ ఇంటి పరువేం కావాలే లచ్చికాంతం?"

దీపశ్రీ అత్తయ్య వైపు చూసింది. అత్తయ్యకు పరువంటే ప్రాణం. ఇప్పుడు ఆవిడ వద్దంటే, ఉదయ్ ఇక ఆ గదిలోంచి ఎప్పటికీ బయటికి రాడు!

లక్ష్మీకాంతం కొంగుతో కొడుకు చేతులు మెల్లగా అద్దింది.

"తెలిస్తే తెలవనీయ్ వదినా! పేరు లేకుండా పోయే బిడ్డలకు పేరు తెచ్చి, కన్నోళ్ళకు అప్పజెప్పిన చేతులివి. దెబ్బ తగిలితే మందు రాయించుకోకూడదా?" ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నేనే పాపిష్టిదాన్నిరా ఉదయ్! నువ్వు లోపల ఏడుస్తా ఉంటే, నా కొడుకు ఎంత నిష్ఠగలోడోనని గోడ పట్టుకుని గొప్పలు చెప్పుకున్నా... కన్నతల్లినై ఉండి నీ ఏడుపు వినపళ్ళేదు నాకు!"

"అమ్మా..." ఉదయ్ పసివాడిలా ఆవిడ భుజం మీద తల వాల్చాడు.

ఇది ఒక్క రోజులో మానేది కాదని డాక్టరమ్మ మొదటి గురువారమే చెప్పింది. రోజూ చూసిన చావులకు మనసుకు తగిలిన గాయమిదని, చెయ్యి విరిగినవాణ్ణి ఎవరూ వెక్కిరించరు కదా అని కూడా చెప్పింది. స్నానం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఎక్కడికి వెళ్ళొచ్చినా టీమంతా కలిసి టీ తాగుతూ, చూసింది ఒకరికొకరు చెప్పుకున్నాకే ఇళ్ళకు వెళ్ళాలి.

దీపశ్రీ స్నానాలగది బయట స్టూలు వేసుకుని, "పెళ్ళికొడుకుగారూ, పది నిమిషాలయింది! పెసరట్టు చల్లారితే నా పూచీ లేదు!" అని అరిచేది. ఒకరోజు లోపలి నుంచి నవ్వు వినిపించినప్పుడు ఆమె స్టూలు మీంచి పడబోయింది! మరో వారం శావల్యాపురంలో ఒక చావు చూసొచ్చి ఉదయ్ మళ్ళీ గంటసేపు బయటికి రాలేదు. ఆ రోజు దీపశ్రీ వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్యే వచ్చి, "ఏమే పిచ్చిదానా, రోజూ ఆరుసార్లు పోసుకునేవాడు ఇయ్యాల ఒక్కసారే పోసుకున్నాడు కదే!" అని లెక్క చెప్పి లేపింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం దీపశ్రీ ఇచ్చిన టిఫిను డబ్బా అందుకుని ఉదయ్ డ్యూటీకి బండి తీస్తుంటే బసవమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో వెక్కిరింత లేదు.

"ఉదయ్... ఆ డాక్టరమ్మ మీ పోలీసోళ్ళనేనా చూసేది?" ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా సుధీర్ అంబులెన్సు నడుపుతాడు కదయ్యా... నెల నుంచి వాడికి అన్నం సయించట్లేదు. సైరను వినబడితే చెవులు మూసుకుంటన్నాడు. నేనే నోటికొచ్చినట్టు మాట్లాడినదాన్ని... నిన్నెట్టా అడిగేది?"

ఉదయ్ బండి స్టాండు వేసి గోడ దగ్గరికి నడిచాడు.

"ఆవిడకు సొంత ఆసుపత్రి కూడా ఉందత్తా. మొదటిరోజు నేను గుమ్మం దగ్గరే పావుగంట నిలబడిపోయా. సుధీర్‌ను అట్టా ఒంటరిగా నిలబడనీయను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసకపోతా."

"వాడు రానంటేనో?"

"అమ్మను పంపిస్తా!"

బసవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలి నుంచి, "ఎవడ్రా రానంటంది?" అంటూ లక్ష్మీకాంతం బయటికి వచ్చింది. గోడకు అటొకరూ ఇటిద్దరూ, ముగ్గురు ఆడవాళ్ళూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.