తొమ్మిది దగ్గర ఆగిపోయిన గొంతు

ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో, నడవా చివర, మూతపడిన పాత ఆపరేషన్ థియేటర్ ఒకటుంది. పగలు దాని ముందు నుంచి అందరూ తిరుగుతారు. చీకటి పడ్డాక ఒక్కరూ అటు పోరు. లోపల ఎవరో లెక్కపెడతారట... ఒకటి, రెండు అని మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారట. అందులో కాగితాల బీరువా పెట్టినప్పటి నుంచే ఈ గోల మొదలైందట. అక్కడ పనిచేసే ఆయా చెప్పిన సంగతిది. ఆవిడకి గోరంతని కొండంత చేసే అలవాటు లేదనను గానీ, ఇది చెప్పేటప్పుడు మాత్రం గొంతు బాగా తగ్గించింది.

అందరూ లెక్కల సిస్టర్ అని పిలిచే నర్సు మాత్రం ఆ మాటల్ని నవ్వి కొట్టిపారేసేది. ఆ పేరు ఆమెకి ఊరికే రాలేదు. పెద్ద డాక్టర్ గారు ఒక పరిశోధన నడుపుతున్నారు. కుట్లు వేసేముందు, నెత్తురు అద్దడానికి కడుపులో వాడిన గాజుగుడ్డల్ని ఇద్దరు మనుషులు పైకి లెక్కపెడితే, రోగులకి తర్వాత వచ్చే ఇబ్బందులు తగ్గుతాయా లేదా అని. ఒక్కో రోగికి ఒక ఫారం, ఫారం కింద రెండు సంతకాలు. వాటిని పోగుచేసి సరిచూడటం ఈమె పని.

హడావుడిగా ఉన్న రోజుల్లో ఒక్కరే లెక్కపెట్టి ఊరుకునేవాళ్లు. రెండో సంతకం గడి ఖాళీగా వచ్చేది. గడి ఖాళీగా ఉంటే ఆ ఫారం పరిశోధనకి పనికిరాదు. అందుకని సాయంత్రం టీ తాగుతూ ఆ గడుల్లో తనే సంతకం గీకేసేది. ఒకరు లెక్కపెట్టారుగా, ఇంకేముంది అనుకునేది. అలా నలభై ఒక్క ఫారాలు.

ఒక రాత్రి వార్డులో, బట్టలు కుట్టి బతికే ఒకావిడకి ఒళ్లు కాలిపోతోంది. పేగు ఆపరేషన్ అయి ఆరో రోజు. నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న కూతురు సిస్టర్ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిజం చెప్పండి. అమ్మ బతుకుతుందా?"

"మామూలు జ్వరమే అన్నారుగా డాక్టర్ గారు. భయపడకమ్మా."

అనైతే అంది గానీ, మనసు కుదుటపడలేదు. ఆవిడ ఫారం ఒకసారి చూద్దామని బయల్దేరింది. ఫారాలున్నది ఆ పాత థియేటర్లోనే. తోడొచ్చిన ఆయా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి నేను రాను సిస్టరమ్మా... నా వల్ల కాదు."

సిస్టర్ ఒక్కతే వెళ్లింది. లైటు వెలగలేదు. ఫోన్ వెలుతురులో బీరువా తెరిచి ఫారం బయటికి లాగింది. వాడిన గుడ్డలు పది. తిరిగి వచ్చినవి పది. కింద రెండు సంతకాలు — రెండోది తనదే. పక్కనే టీ మరక.

అప్పుడు... వెనక నుంచి...

"ఒకటి..."

బేసిన్లో తడిగుడ్డ పడిన చప్పుడు.

"రెండు... మూడు..."

ఫోన్ వెలుతురు వెనక్కి తిప్పింది, ఎవరూ లేరు. ఒక్కో అంకె, ఒక్కో చప్పుడు.

"ఎనిమిది... తొమ్మిది..."

అంతే. పది కోసం ఎదురుచూసింది. రాలేదు. ఆ గొంతు ఎవరిదో మాత్రం అప్పుడు తెలిసింది — తనదే! ఆ రోజు తను పెట్టానని సంతకం చేసిన లెక్క... పెట్టని లెక్క.

పడుతూ లేస్తూ బయటికొచ్చి పెద్ద డాక్టర్ గారికి ఫోన్ చేసింది.

"సార్, కుట్టుపనావిడకి వెంటనే ఎక్స్‌రే తీయాలి."

"లెక్క సరిపోయిందని సంతకం పెట్టింది నువ్వేగా?"

"సంతకమే పెట్టాను సార్... లెక్కపెట్టలేదు."

"ఎక్స్‌రే గది తెరిపించు, వస్తున్నా," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఎక్స్‌రేలో, ఇలా దొరకడానికనే గుడ్డలో అల్లే దారం తెల్లగా మెలికలు తిరిగి కనబడింది. తెల్లారేలోగా మళ్లీ కడుపు తెరిచి పదో గుడ్డ తీశారు. మధ్యాహ్నానికి జ్వరం తగ్గుముఖం పట్టింది. కూతురు సిస్టర్‌ని కావలించుకుని ఏడ్చింది. సిస్టర్ సిగ్గుతో చితికిపోయింది.

ఆ రోజే చీకటి పడుతుండగా, ఫారం మీద తన సంతకం కొట్టేసి, ఆయాని వెంటబెట్టుకుని థియేటర్‌కి వెళ్లింది. లోపల చడీచప్పుడూ లేదు. ఫారం బీరువాలో పెట్టి వచ్చింది.

"పోయిందమ్మా పీడ," అంటూ ఆయా తలుపు దగ్గరికి లాగింది.

తాళం పడుతుండగా... లోపల...

"ఒకటి... రెండు... మూడు... నాలుగు..."

ఆగిపోయింది.

ఆయా గోడకి అతుక్కుపోయింది. సిస్టర్ మళ్లీ తాళం తీసింది. మిగిలిన నలభై ఫారాలూ తెచ్చి నడవాలో బల్ల మీద పరిచింది. ఐదు గుడ్డలు వాడినట్టు రాసిన ఫారం కోసం వెతికింది. ఒక్కటే ఉంది. దాని మీదున్న నంబరుకి ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక ఎవరో పెద్దాయన ఎత్తాడు.

"ఆస్పత్రి నుంచండీ... ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ ఎలా ఉన్నారు?"

"మా ఆవిడా... జ్వరం తగ్గక, పోయి ఇరవై రోజులైందమ్మా. ఇంతకీ ఎవరు మీరు?"