మగ్గని పళ్ళు

"ముక్క ముక్కకీ అలా 'అబ్బా' అనాలా?"

"బాగుంటే అనరా మరి?" ఆమె చెంచా కింద పెట్టకుండానే నవ్వింది. "పీచే లేదు. టెంక కూడా ఎంత పల్చగా ఉందో చూడు!"

చూడమంటేనే అతనికి ఒళ్ళు మండుతోంది. మామిడి రసంలో తీపి కొలవడం అతని పని కాబట్టి ల్యాబంతా అతన్ని షుగర్ అంటారు. ఆ పూట మాత్రం నిలువెల్లా చేదే. ఆమె రుచి చూసే బృందానికి లీడర్. ఆమెకి చెప్పాలనుకున్న మాట రెండేళ్ళుగా అతని గొంతు దాటనే లేదు. ఇంతలో ఈ కొత్త రకాన్ని పుట్టించిన సైంటిస్టు ఊడిపడ్డాడు. ఆరడుగుల ఎత్తు, నవ్వితే బుగ్గన సొట్ట. దేవుడు కొందరికి అన్నీ కట్టగట్టి ఇస్తాడు.

"ఏడేళ్ళ కష్టమండీ" అన్నాడు సైంటిస్టు షుగర్‌తో. "రేపు బృందం మంచి మార్కులు వేస్తేనే ఈ రకం రైతుల దాకా వెళ్తుంది. పళ్ళు ఏరేది మీరేనట కదా, కాస్త జాగ్రత్త."

మర్నాడు పొద్దున షుగర్ జాగ్రత్తగానే ఏరాడు. బాగా మగ్గినవి పక్కకి నెట్టి, తొక్క పసుపు తిరిగినా లోపల ఇంకా పుల్లగా ఉన్నవాటిని ముక్కలు కోసి పంపాడు.

గాజు తలుపు బయట నిలబడి చూశాడు. ఒక్కొక్కరూ మొహం చిట్లిస్తుంటే ప్రాణం లేచొచ్చింది. సైంటిస్టు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు చూశాక షుగర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు.

"ఆ మార్కులు కొట్టేయండి. పళ్ళు మగ్గలేదు. తెలిసే పంపాను."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"మతిపోయిందా నీకు? ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఊడనీ. నువ్వు ఆయన్ని చూసి నవ్వుతుంటే తట్టుకోలేకపోయా. నువ్వంటే నాకిష్టం. అదీ సంగతి."

ఆమె అతన్ని తినేసేలా చూసింది.

"మరి నువ్వు రోజూ మిగిలిన ముక్కలన్నీ ఆ రిసెప్షన్ పిల్లకి పట్టుకెళ్ళి ఇస్తావుగా! ఒక్కసారైనా దాని కాఫీలో ఉప్పు కలిపానా నేను?"

షుగర్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"కలపాలనిపించలేదనుకున్నావా?" ఎర్రబడ్డ మొహం పక్కకి తిప్పుకుంది. "ముందు లోపలికెళ్ళి ఆయన కాళ్ళ మీద పడు. మగ్గిన పళ్ళు కోసుకురా. నీ సంగతి తర్వాత చెప్తా."