గదిలో రెండో ఊపిరి

ఆ మంగళవారం మధ్యాహ్నం కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఊపిరి ఊదడం నేర్పుతున్నాను.

రబ్బరు బొమ్మని నేలమీద పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లోకి నెమ్మదిగా గాలి వదలాలి. బొమ్మ ఛాతీ లేస్తే సరిగ్గా చేసినట్టు. మత్తు ఎక్కువై పడిపోయినవాళ్ళ ముక్కులో విరుగుడు మందు కొట్టడం మా ఊళ్ళో బడిపిల్లలకి కూడా తెలుసు. ఆ మందు పనిచేసేదాకా ప్రాణాన్ని పట్టి ఉంచేది మాత్రం ఇంకొకరి ఊపిరే. ఆసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు నేర్చుకున్న ఆ సంగతి ప్రతి క్లాసులోనూ చెబుతాను.

"బొమ్మ ముందు కూడా సిగ్గేంటయ్యా మీకు," అని వంటింటి గుమ్మంలోంచి రెజాన్ వెక్కిరించాడు. "రేపు మీ ముందు పడేవాడు దీనంత శుభ్రంగా ఉండడు. గడ్డం నిండా వాంతి ఉంటుంది."

"నువ్వు నీ సూప్ చూసుకో," అన్నాను.

"దాని పని అది చేసుకుంటోంది, నర్సమ్మా."

అందరూ నవ్వారు.

మా సెంటర్ ఒకప్పుడు ఇనపసామాన్ల కొట్టు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మూతపడ్డ కాగితం మిల్లుకి ఎదురుగా ఉంటుంది. మిల్లు ఆగి ఎంతకాలమైనా, గాలి తడిగా ఉన్న రోజున ఆ కుళ్ళిన క్యాబేజీ వాసన ఇంకా వస్తుంది. చలికాలంలో ఎవరైనా లోపలికి రావచ్చు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, బఠాణీ సూప్ తాగి, హీటర్ పక్కన కునుకు తియ్యొచ్చు. మత్తు వాడేవాళ్ళని కూడా రానిస్తాం. వెళ్ళగొడితే మంచులో పడి చస్తారు.

రెజాన్ ఆ మిల్లులోనే పనిచేసేవాడు. నడుం విరిగి, నొప్పి మాత్రలకి అలవాటుపడి, అక్కణ్ణించి అంతకన్నా ఘాటు మత్తు, ఫెంటనిల్‌లోకి జారాడు. ఎలాగో బయటపడ్డాడు. రోజూ పొద్దున్నే మందుల షాపులో వాళ్ళ కళ్ళముందే, మత్తు యావని అణిచే మెథడోన్ మందు గుక్కెడు తాగి, మా దగ్గరికొచ్చి పొయ్యి వెలిగించేవాడు. ఆ నరకం చూసొచ్చిన మనిషి కాబట్టి, నేను చెబితే వినని వాళ్ళు అతను తిడితే వినేవారు.

వెర్నా అనే ఆవిడ అంతకుముందు చలికాలం మా బాత్రూమ్‌లో చనిపోయింది. ఆవిడ ఎవరో మాకు సరిగ్గా తెలీదు. తడిసిన ఊలు చేతితొడుగులు హీటర్ మీద ఆరబెట్టుకునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజు లోపల గడియ పెట్టుకుంది. రెజాన్ అనుమానపడి భుజంతో తలుపు విరగ్గొట్టేసరికి, సింకుకీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుని నీలంగా ఉంది. బయట మంచు తుఫాను. అంబులెన్సు దారిలో ఇరుక్కుపోయింది. అది వచ్చేదాకా రెజాన్ ఊదుతూనే ఉన్నాడు. వాళ్ళొచ్చి భుజాలు పట్టుకుని లాగితే గాని వదల్లేదు.

అందుకే మరుసటి శీతాకాలం ఒరెస్ట్ వచ్చాడు. యూనివర్సిటీలో ఇంజనీరు, నెమ్మదస్తుడు. బాత్రూమ్ పైకప్పుకి అరచేతి పాటి తెల్లడబ్బా బిగించాడు. అది కెమెరా కాదు. లోపలి మనిషి ఛాతీ కదలికని రాడార్‌లా పసిగడుతుంది. ముందు బల్లమీద చిన్న స్క్రీన్ ఉంటుంది. లోపల మనిషి ఊపిరి తీస్తుంటే పచ్చగీత అలలా లేచి పడుతుంది. అల ఆగిపోతే గంట మోగుతుంది. తాళంచెవి పట్టుకుని పరిగెత్తాలి. ఇలాంటివి ఎన్నిచోట్ల పెడితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో చూడటమే అతని పరిశోధన.

"ప్రొఫెసరూ, పోయినేడాది ఎక్కడ దాచావు ఈ డబ్బాని?" అని అడిగాడు రెజాన్, నిచ్చెన పట్టుకుని నిలబడి.

ఒరెస్ట్ కిందికి చూశాడు. "అప్పటికింకా పనిచేసేది కాదండీ," అన్నాడు.

రెజాన్ నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

డబ్బా మంచిదే. పెట్టిన కొత్తలోనే మర్రే అనే ముసలాయన్ని కాపాడింది. ఆయన లేచి కూర్చుని, పాడుచేశారు నా మత్తంతా అని మమ్మల్ని తిట్టిపోసి, సూప్ అడిగాడు.

ఆ మంగళవారం క్లాసు మధ్యలో గంట మోగింది.

నేను, రెజాన్ పరిగెత్తాం. తలుపు గడియ పెట్టి లేదు. తోస్తే తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. లైటు వెలుగుతోంది. కుళాయి కట్టే ఉంది. గదిలో మాత్రం చలి... కిటికీ లేని గదిలో, బయట సరస్సుమీద గడ్డకట్టిన మంచు దగ్గర నిలబడ్డట్టు. తడి ఊలు ఆరుతున్న వాసన.

"గొట్టాల్లో నీళ్ళు కదిలినా డబ్బా ఒక్కోసారి పొరబడుతుంది," అన్నాడు ఒరెస్ట్. కొత్త డబ్బా తెచ్చి బిగించాడు.

మర్నాడు మళ్ళీ మోగింది. ఆ మర్నాడూ. మా దగ్గర ఆ నెలల్లో మధ్యాహ్నం కాఫీ తాగి కప్పు కడిగేలోపు చీకటి పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకే. ఒకరోజు నేను స్క్రీన్ ముందే కాచుకుని కూర్చున్నాను. బాత్రూమ్ తలుపు నాకు ఎదురుగా ఉంది. ఎవరూ లోపలికి వెళ్ళలేదు. గీత దానంతటదే మొదలైంది. మామూలు అలలే ముందు. తరవాత అలకీ అలకీ మధ్య దూరం పెరిగింది. ఒక పెద్ద అల, చాలాసేపు ఏమీ లేదు, గింజుకున్నట్టు ఒక చిన్న వణుకు... మళ్ళీ ఏమీ లేదు. గంట మోగింది.

చెడిపోయిన యంత్రం గీత ఎలా పడితే అలా ఎగురుతుంది. ఇది అలా లేదు. మత్తు మందుతో మనిషి పోయే తీరు ఇదే. ఆసుపత్రిలో ఎన్నోసార్లు చూశాను. నా వెనక రెజాన్ నిలబడి ఉన్నాడు. గరిటె చేతిలోంచి జారిపోయినా వంగి తీసుకోలేదు.

"రోజూ చస్తోందా మనిషి?" అన్నాడు మెల్లిగా.

"ఎవరు?"

అతను వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత గంట మోగడం ఆగింది. కొత్త డబ్బా కుదురుకుందని ఒరెస్ట్ సంతోషించాడు. నాకూ తేలిగ్గా అనిపించింది. కానీ ఒక సాయంత్రం సూప్ మాడిన వాసనకి వంటింట్లోకి వెళితే పొయ్యి దగ్గర ఎవరూ లేరు. వెనక్కి వచ్చి స్క్రీన్ చూశాను.

గీతలు రెండున్నాయి.

బాత్రూమ్ తలుపు తోశాను. రెజాన్ నేలమీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే అనుకున్నాను.

"చేతులు చూపించు," అన్నాను.

చొక్కా చేతులు పైకి మడిచాడు. పాత మచ్చలే. కళ్ళు తెరిస్తే మత్తు లేదు.

"ష్... నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు. "నేను పక్కన ఉంటే ఆగదు."

"ఏది ఆగదు?"

"విను."

విన్నాను. హాల్లో రేడియోలో హాకీ ఆట వస్తోంది. ఎవరో దగ్గారు. అవన్నీ దాటి... సింకుకీ గోడకీ మధ్య సందులోంచి... గరగరమంటూ, తడిగా, నెమ్మదిగా ఒక ఊపిరి. ఆ సందు ఖాళీగా ఉంది.

నేను రెజాన్ భుజం పట్టుకున్నాను.

"అది నా ఊపిరే, నర్సమ్మా," అని గొణిగాడు రెజాన్. "ఆ రోజు అంతసేపు ఊదానా, అదంతా ఎక్కడికి పోతుంది? ఆవిడ వదల్లేదు. అది అయిపోవస్తుంటే భయపడుతోంది."

"లే. ముందు ఇక్కణ్ణించి లే."

"నువ్వే కదా నేర్పుతావు. వేరేవాళ్ళు వచ్చేదాకా మనిషిని వదలకూడదని."

చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాను. గుమ్మం దాటుతుండగా వెనక ఊపిరి తడబడింది. అతను వెనక్కి తిరగబోతే రెండు చేతులా పట్టుకున్నాను. హాల్లోకి వచ్చేసరికి గంట మోగింది. రెజాన్ కుర్చీలో కూలబడి చెవులు మూసుకున్నాడు.

ఆ రాత్రే ఒరెస్ట్‌కి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రెండు గీతల్నీ అతను తన కంప్యూటర్‌లో ముందే చూశాడట.

"ఒక విషయం మీకు చెప్పలేదండీ," అన్నాడు. "ఆయన లోపల కూర్చున్నకొద్దీ ఒక గీత బలపడుతోంది. రెండోది తగ్గుతోంది. తగ్గేది ఆయనది."

బాత్రూమ్ మూసేద్దాం అనుకున్నాం. అద్దెకి ప్లాస్టిక్ మరుగుదొడ్డి తెప్పించి పెరట్లో పెట్టించేదాకా ఆగాలి. అది రావలసిన రోజునే తుఫాను మొదలైంది.

రోడ్లన్నీ మూసేశారు, ఒరెస్ట్ కూడా మాతోనే ఇరుక్కుపోయాడు. సెంటర్‌లో కాలు పెట్టే చోటు లేదు. రెజాన్‌ని నా కంటి ఎదుటే కూర్చోబెట్టుకుని బంగాళాదుంపలు తొక్కు తియ్యమన్నాను. అతను బుద్ధిగా తీస్తున్నాడు. చీకటి పడే వేళకి మర్రేకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను అటు తిరిగి ఆయన వీపు రాస్తుండగా కరెంటు పోయింది.

హీటర్ ఆగింది. రేడియో ఆగింది. ఇంత జనం ఉన్న హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది. గాలి తలుపుల్ని కుదుపుతోంది. ఆ నిశ్శబ్దంలో గోడ అవతలి నుంచి వినిపించింది. రెండు ఊపిర్లు. ఒకటి గట్టిగా, ఆబగా. రెండోది... ఆగి... ఆగి...

"రెజాన్," అని పిలిచాను.

కుర్చీలో ఎవరూ లేరు. సగం తొక్కు తీసిన దుంప ఉంది.

ఒరెస్ట్ ఫోన్ లైటు వేశాడు. తాళంచెవి తిరిగింది. తలుపు మాత్రం రాలేదు. లోపల్నుంచి ఎవరో వీపు ఆనించినట్టు బరువు. ఇద్దరం భుజాలు పెట్టి తోశాం. ఒక్కసారిగా వదిలేసింది. ఇద్దరం లోపల పడ్డాం.

తలుపు వెనక ఎవరూ లేరు. రెజాన్ గదికి అవతలి మూల, నేలమీద బోర్లా ఉన్నాడు. మొహం ఆ సందులోకి దూర్చి ఉంది. పెదాలు సున్నాలా చుట్టి ఉన్నాయి, ఊదుతున్నట్టు. నీలంగా.

వెల్లకిలా తిప్పాను. ముక్కులో మందు కొట్టాను. కదల్లేదు. ఇంకోటి కొట్టాను. కదల్లేదు. నాడి ఉంది, సన్నగా. గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఊదాను.

ఛాతీ లేవలేదు.

మళ్ళీ ఊదాను. నా ఊపిరి అతని నోట్లోకి వెళుతోంది... ఛాతీ లేవడం లేదు. నా చెవి పక్కన, సందులో, ఎవరో హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నేను ఊదడం ఆపాను. అక్కడా ఆగింది. ఎదురుచూస్తున్నట్టు.

ఇంకోసారి ఊదాను. సందులో ఊపిరి. ఈసారి ఇంకా దగ్గరగా. నా చెంపకి తగిలింది. చల్లగా, తడి ఊలు వాసనతో.

"ఒరెస్ట్," అన్నాను. "కాళ్ళు పట్టుకో. బయటికి. ఇక్కడ కాదు."

ఈడ్చాం. గుమ్మం దగ్గర అతని కుడిచెయ్యి వెనక్కి సాగి బిగుసుకుంది, ఎవరి చేతిలోనో ఉన్నట్టు. ఒరెస్ట్ ఏడుస్తున్నాడు, అయినా కాళ్ళు వదల్లేదు. నేను ఆ చేతిని మోచెయ్యి దగ్గర పట్టుకుని లాగాను. ఏదో జారినట్టయింది. అందరం హాల్లో పడ్డాం.

హాల్లో ఊదిన మొదటి ఊపిరికే ఛాతీ లేచింది.

చీకట్లో మంగళవారం క్లాసుకి వచ్చినవాళ్ళు వంతులవారీగా ఊదారు. బొమ్మ దగ్గర సిగ్గుపడ్డవాళ్ళే. మంచు తీసే బండి వెనక అంబులెన్సు వచ్చేదాకా ఒక్కరూ ఆపలేదు. ఎవరూ బాత్రూమ్ వైపు చూడలేదు. దాని తలుపు దానంతటదే మెల్లిగా మూసుకోవడం మాత్రం అందరం విన్నాం.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. పొద్దున తాగిన మెథడోన్ తప్ప ఒక్క చుక్క మత్తు లేదు. అది కూడా ఎప్పటి మోతాదే. మెదడు ఊపిరి తియ్యడం మరిచిపోయింది అన్నారు డాక్టర్లు. ఎందుకో వాళ్ళకీ తెలీదు. చాలా రోజులు ఊపిరి ఆడించే యంత్రం మీద ఉంచి, నెమ్మదిగా తప్పించారు.

మేం ఆ గదిని ఇటుకలతో మూసేశాం. కొత్త బాత్రూమ్ వెనక కట్టించాం. అందులో ఒరెస్ట్ డబ్బా చక్కగా పనిచేస్తోంది. ఇప్పుడు చాలా ఊళ్ళలో పెట్టారు, మనుషులు బతుకుతున్నారు. అతను మాత్రం మా ఊరికి మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తాడు, క్షేమం అడుగుతాడు, ఆ రోజు మాట ఎత్తడు.

సరస్సు మీద మంచు పగిలే కాలానికి, ఏలకులు వేసి రొట్టె చేసుకుని రెజాన్ ఇంటికి వెళ్ళాను. బాగా చిక్కిపోయాడు. చొక్కా వంకీకి తగిలించినట్టు ఉంది. కానీ మొహంలో ఎప్పుడూ లేని నెమ్మది.

"పని మానేశావని తిట్టడానికి వచ్చావా?" అన్నాడు.

"రొట్టె తెచ్చాను. తిన్నాక తిడతాను."

నవ్వాడు. రొట్టె తిన్నాడు. సెంటర్ కబుర్లు అడిగాడు. వంటింట్లో ఎండ పడుతోంది. కిటికీ బయట చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. అతని ఊపిరి కొంచెం బరువుగా వినిపిస్తోంది. ఆ యంత్రం మీద ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు అలాగే ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాను.

రొట్టె గొంతుకి అడ్డుపడిందేమో, పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పట్టుకున్నాడు. తల వెనక్కి వంచి గటగటా తాగుతున్నాడు. గొంతు కదులుతోంది. నీళ్ళు మింగుతూ ఏ మనిషీ ఊపిరి తియ్యలేడు. నర్సుని, నాకు తెలుసు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా, ఆ గదిలో ఊపిరి ఆగలేదు. నిండుగా, తీరిగ్గా, ఏ రోగమూ లేని మనిషి ఊపిరిలా.