ఇండికేటర్ లేని టైట్రేషన్

భయమేస్తే మొహం రంగు మారిపోయే మనిషిని గూఢచారిగా ఎవరూ పెట్టుకోరు. ఇతన్ని మాత్రం పెట్టుకున్నారు. పెట్టుకున్న నెల తిరక్కుండానే శాఖ మొత్తం అతన్ని ‘లిట్మస్’ అనడం మొదలుపెట్టింది.

“పదకొండుకి స్కూల్లో ప్రైజుల పంపిణీ,” అంటూ చీఫ్ ఒక ఫోటో బల్లమీద జరిపాడు. అందులో బట్టతల శాస్త్రవేత్త ఒకాయన అమాయకంగా నవ్వుతున్నాడు. “ముఖ్య అతిథి ఈయనే. తన డిజైను అమ్మనన్నాడు. అందుకని విదేశీ ముఠా లేపెయ్యాలని చూస్తోంది. ల్యాబులో ప్రమాదం జరిగినట్టు కనిపించాలని వాళ్ల ప్లాను. హాలు సరిగ్గా ల్యాబు మీదే ఉంది.”

“హాల్లో ఇంకెవరుంటారు సార్?”

“రెండొందల మంది పిల్లలు. నువ్వు ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా వెళ్లు. లోపల మన ఏజెంట్ ఉంది. కెమిస్ట్రీ టీచరు. కోడ్ నేమ్ నెమలి.”

లిట్మస్ మొహం అప్పుడే పాలిపోయింది.

పదకొండు కావస్తుండగా అతికించిన మీసంతో ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా నెమలి. తెల్ల కోటు కూడా ఆమె మీద ఖరీదైన దుస్తుల్లా ఉంది.

“బ్యూరెట్‌లో రీడింగ్ ఎలా చూడాలి?” అన్నాడు. కోడ్ వాక్యం అదే.

“కంటికి సమానంగా, కింది వంపు దగ్గర,” అంది నెమలి. “ల్యాబంతా గాలించాను, ఏమీ లేదు. మీరూ ఓసారి చూసుకోండి. మీ జేబులో పెన్ను రేడియో ఇటివ్వండి, ఛానల్ మారుస్తాను.”

ఇచ్చాడు. ఏదో తిప్పి, తిరిగి అతని జేబులో పెట్టి నవ్వింది. అతను లోపలికి నడిచాడు. వెనక తలుపు పడింది. గాలికి పడిందనుకున్నాడు పాపం.

లోపల అటెండరమ్మ బల్లలు తుడుస్తోంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మూల బల్లమీద ఒక బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా యాసిడ్ బీకరులోకి దిగుతోంది. దగ్గర ఎవరూ లేరు. బీకరులో తెల్లటి మడ్డి తప్ప గులాబీ రంగూ లేదు, మరే రంగూ లేదు.

“ఇండికేటర్ వెయ్యకుండా టైట్రేషన్ ఏంటమ్మా?”

“నాకూ అదే తెలీలేదు బాబూ. ముట్టుకుంటే ఊరుకోనంది మేడమ్.”

అతను వంగి చూశాడు. బీకరులో రెండు కార్బన్ కడ్డీలు. వాటి తీగలు ఒక చిన్న బల్బుకి, అక్కణ్ణుంచి ఒక రిలే స్విచ్చుకి, చివరికి తాళం వేసిన ఇనప బీరువాలోకి వెళ్తున్నాయి. పక్కనే ఖాళీ సీసా, దానిమీద ‘బేరియం హైడ్రాక్సైడ్’ అని రాసి ఉంది.

చిన్నప్పుడు క్లాసులో చూసిన ప్రయోగమే. అదీ సల్ఫ్యూరిక్ యాసిడూ కలిస్తే తెల్లటి మడ్డి అడుక్కి దిగి, నీళ్లు మిగులుతాయి. వట్టి నీళ్లలో కరెంటు పారదు, బల్బు ఆరిపోతుంది. అది ఆరగానే రిలే పడుతుంది. బీరువాలో ఉన్నది పేలుతుంది.

ఇండికేటర్ ఉంది. ఆ బల్బే. అప్పటికే అది మసగ్గా వెలుగుతోంది.

పరుగెత్తి తలుపు లాగాడు. బయట తాళం. పెన్ను రేడియో నొక్కితే గరగరే వచ్చింది. అరిచాడు. పైన రెండొందల జతల చేతులు చప్పట్లు కొడుతుంటే ఎవరికి వినిపిస్తుంది?

బ్యూరెట్ నాబ్ విరగ్గొట్టి ఉంది. బ్యూరెట్ కొనకే కడ్డీలు కట్టి ఉన్నాయి, లాగితే అవీ పైకొచ్చి కరెంటు తెగుతుంది. అతను స్టూలెక్కి బ్యూరెట్ పైమూతిని బొటనవేలితో మూశాడు. లోపలికి గాలి పోకపోతే కిందికి ద్రవం జారదు. చుక్క ఆగింది. కానీ చెయ్యి వణికినప్పుడల్లా గాలి దూరుతోంది, ఒక్కో చుక్క రాలుతోంది.

“అమ్మా, పైన పిల్లలున్నారు. ఇది బాంబు. ఉప్పు కావాలి, మామూలు ఉప్పు! అది పడితే కరెంటు ఆగదు.”

అటెండరమ్మ గబగబా రెండు సీసాలు తెచ్చింది. “ఈ రెండు సీసాల్లో ఒకటి ఉప్పు, రెండోది భేదిఉప్పు బాబూ. నిన్న మేడమ్ లేబుళ్లన్నీ పీకేసింది. ఏది ఏదో…”

అతనికి చెమటలు పట్టాయి, సగం మీసం ఊడింది. భేదిఉప్పంటే సల్ఫేటు. యాసిడ్ చేసే పనే చేస్తుంది, క్షణంపాటైనా బల్బు ఆర్పేస్తుంది. ఆ క్షణం చాలు.

“నాలిక మీద వేసి చూడనా?”

“వద్దు! అందులో ఆవిడ ఏం కలిపిందో! పరీక్షనాళికల్లో వేసి వేడి చెయ్యి.”

ఆమె స్పిరిట్ ల్యాంపు వెలిగించింది. అతనికన్నా ఆమె చెయ్యే నిలకడగా ఉంది. మొదటి నాళిక గోడల మీద నీటి బొట్లు పట్టాయి. “అది కాదు, వేడికి నీళ్లు వదిలేది భేదిఉప్పు,” అన్నాడు. మరో చుక్క రాలింది. బల్బులో తీగ ఎర్రగా మాత్రమే ఉంది.

రెండో నాళికలో చిటపటమంది.

“ఇదే బాబూ, ఉప్పే! పొయ్యిలో పడితే ఇట్లాగే చిట్లుతుంది!”

“అందులో పొయ్యి! త్వరగా!”

చెమటకి బొటనవేలు జారింది. చుక్క పడింది. తీగలో ఎరుపు చచ్చిపోతుండగా గుప్పెడు ఉప్పు బీకరులో పడింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో కూడా తోచలేదు.

“కళ్లు తెరువు నాయనా,” అంది అటెండరమ్మ.

బల్బు ధగధగా వెలుగుతోంది.

ఆమె ఇనప స్టాండుతో పది దెబ్బలు కొడితే తలుపు గడియ తాళంతో సహా ఊడింది. బాంబు నిపుణులొచ్చి బీరువా పని పట్టేలోగా పిల్లలు, బట్టతలాయన పెరటి గేటు గుండా బయటపడ్డారు.

నెమలిని వెతకాల్సిన పనే పడలేదు. పట్టపగలు, వీధి అవతల, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని గోడ చాటున నిలబడ్డ మనిషి ఆమె ఒక్కతే. బేడీలు పడ్డాక కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు.

“లెక్క చుక్కతో సహా సరిపోయింది. ఎక్కడ తప్పింది?”

లిట్మస్ మిగిలిన సగం మీసం పీకి జేబులో వేసుకున్నాడు.

“అన్నీ బాగానే కుదిరాయి మేడమ్,” అన్నాడు, “ఉప్పే కాస్త తక్కువైంది.”