వెన్న వేలిముద్రలు

యాంగ్‌డోల్ నన్ను మొట్టమొదట చూసిన రోజున నా రెండు చేతులకూ భుజాల దాకా ప్లాస్టిక్ తొడుగులున్నాయి. ఆవు చూడిదో కాదో లోపల చెయ్యి పెట్టి చూడడానికి వాడే తొడుగులవి. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని కాబట్టి డబ్బాల కొద్దీ దొరుకుతాయి. లేహ్ చలిలో బండి నడిపేవాడు సిగ్గుపడితే కుదరదు. ముందు అవి, వాటి మీద పాత పేపరు, దాని మీద ఉన్ని గ్లౌజులు. ఇంత చేసినా ఆమె కుట్టు దుకాణం ముందు బండి దిగేసరికి వేళ్ళు నా మాట వినడం మానేశాయి. గ్లౌజులు పళ్ళతో పీక్కుని, కాగితాలు రాల్చుకుంటూ లోపలికి వెళ్ళాను.

ఆమె మిషను ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరి ఆవుకి ఏమయింది?"

"ఆవుకి కాదండీ, నాకే."

నవ్వు ఆపుకోలేక చేతిలో కత్తెర పక్కన పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది, కానీ పని ఆమెతోనే. గొర్రెతోలు తిరగేసి, బొచ్చు లోపలికి వచ్చేలా, హ్యాండిల్‌కి రెండు వైపులా రెండు తొడుగులు కుట్టాలని, చేతులు వాటిలో దూర్చి నడుపుతానని చెప్పాను. టోపీలు కుట్టాను, కోట్లు కుట్టాను, బండికి మాత్రం ఎప్పుడూ చొక్కా కుట్టలేదంది. టేపు పట్టుకుని బయటికొచ్చి బ్రేకూ క్లచ్చూ కొలుచుకుంది. నాలుగు రోజులాగి రమ్మంది.

నాలుగు రోజుల తర్వాత వాటిని బిగించుకుని బయల్దేరాను. వెచ్చగా ఉంది, ప్రాణం లేచొచ్చింది. సింధు వంతెన దగ్గర మేకల మంద అడ్డొచ్చింది. బ్రేకు పట్టబోతే బిరుసు తోలు వేళ్ళని కదలనివ్వలేదు. బండితో సహా మంచుగుట్టలో పడ్డాను. మేకలన్నీ నిలబడి తీరిగ్గా చూశాయి.

వెనక్కి తిప్పి, ఒంటి మీద మంచు కూడా దులుపుకోకుండా దుకాణానికి వెళ్ళి కేకలేశాను. ఆమె ఏమీ తగ్గలేదు. "నేను బండిని కొలిచాను. బ్రేకు వేసేది మీ చెయ్యి కదా ముటుప్ లె. ఆ చేతిని కొలవనిచ్చారా? తాడు తెంపుకున్న దూడలా పారిపోయారు." మా దగ్గర మర్యాదకి పేరు చివర 'లె' తగిలిస్తారు. ఆ 'లె' అంత వెటకారంగా అనడం అంతకుముందు నేను వినలేదు.

ఈసారి నన్ను బండి మీద కూర్చోబెట్టి బ్రేకు నొక్కమంది. తోలు ఎక్కడ పడుతోందో తెలుసుకోడానికి తొడుగులో తన చెయ్యి కూడా పెట్టింది. ఆమె వేళ్ళు నా వేళ్ళని ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్ళాయి. నేను మేకల సంగతి, మంచు సంగతి, ఎందుకొచ్చానన్న సంగతి కూడా మరిచిపోయాను.

రెండో జత అద్భుతంగా కుదిరింది. గ్లౌజులు కూడా అక్కర్లేదు, ఉత్త చేతులు దూర్చినా చాలు. అదే నాకొచ్చిన చిక్కు. మళ్ళీ దుకాణానికి వెళ్ళడానికి సాకు లేదు. ఎడమ బొటనవేలికి చలి వేస్తోందని ఒకసారి వెళ్ళాను. మణికట్టు దగ్గర గాలి దూరుతోందని ఇంకోసారి. బొచ్చు చక్కిలిగింతలు పెడుతోందని కూడా చెప్పాను, అది మాత్రం నాకే సిగ్గనిపించింది. ఆరోసారి ఆమె తొడుగులు తిరగేసి చూసి నా ముందు పడేసింది.

"లోపం వీటిలో లేదు, మీలో ఉంది. కూర్చోండి, టీ తాగుదురుగాని."

అలా మూడు వారాలు టీలు తాగాను. నా జీవితంలో అంత బాగా గడిచిన చలికాలం లేదు.

మా కొత్త సంవత్సరం పండగ లోసర్ ఇంకో వారం ఉందనగా, సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా ఆమె ఒక సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న ఒకప్పుడు సైన్యానికి సామాన్లు మోసే పనిలో హిమానీనదం మీదికి వెళ్ళాడట. చలి కరిచి ఎడమచేతి మూడు వేళ్ళు సగానికి తీసేయాల్సొచ్చింది. అప్పటినుంచీ చలికాలంలో రోడ్ల మీద తిరిగే మగవాడికి కూతుర్నివ్వనని కూర్చున్నాడు. పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే గుమాస్తా ఒకడున్నాడు. పండగ వెళ్ళాక వాళ్ళ వైపువాళ్ళు అడగడానికి వస్తారు.

ఇదంతా నాకెందుకు చెబుతున్నారని తెలివితక్కువగా అడిగాను.

ఆమె దారం పళ్ళతో తెంపింది. "ఏమీ లేకపోతే ఇన్నిసార్లు ఎందుకొచ్చారు?"

మర్నాడు దుకాణం మూసి నిమ్మూలో వాళ్ళింటికి వెళ్ళిపోయింది. నేను రెండు రోజులు అన్నం సహించక తిరిగాను. మూడో రోజు పొద్దున్నే ఆసుపత్రికి ఫోనొచ్చింది. నిమ్మూలో ఒక జడల బర్రె రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. డాక్టరు సెలవులో ఉన్నాడు, నువ్వెళ్ళు అన్నారు. యజమాని పేరు నవాంగ్ టుండుప్ అని కాగితం మీద చూశాను. యాంగ్‌డోల్ తండ్రి.

నన్ను పెంచిన మా మేనత్తకి ఆ ఇంటి ముసలమ్మ, యాంగ్‌డోల్ అమ్మమ్మ, చిన్ననాటి స్నేహితురాలు. పోతూ పోతూ ఆవిడకి ఇచ్చి పొమ్మని, అత్త కొత్తగా పులిసిన బార్లీ కల్లు, మా చాంగ్, ఒక ఇత్తడి కూజా నిండా పోసి, ట్యాంకు మీద కట్టింది. మందునీళ్ళకి పగిలిపోయిన నా చేతులు చూసి, రెండింటికీ దట్టంగా వెన్న పూసింది. గంట ప్రయాణం. దారంతా ముక్కు గడ్డకట్టింది, కనుబొమల మీద మంచు పేరుకుంది. చేతుల మీద వెన్న మాత్రం కరుగుతూనే ఉంది.

గుమ్మంలో ముసలమ్మ ఎదురొచ్చింది. కూజాని మూతి అంచు దగ్గర రెండు చేతులతో పట్టి ఆవిడకిచ్చి, తిన్నగా కొట్టంలోకి పరిగెత్తాను. చేతులు కడుక్కుని సూది వేశాను, నూనె పట్టించాను. టుండుప్ బర్రె తల పట్టుకున్నాడు. మా మధ్య నాలుగు మాటలు కూడా నడవలేదు. గంటన్నరకి అది ఉప్పు నాకింది. ఆయన మొహంలో బరువు దిగింది, టీ తాగి వెళ్ళమన్నాడు.

వంటింట్లో ముసలమ్మ అప్పటికే గిన్నెలన్నీ ఆ చాంగ్‌తో నింపి ఉంచింది. దాహంతో ఉన్న టుండుప్ తన గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. అదే ఆలస్యం అన్నట్టు ముసలమ్మ చప్పట్లు కొట్టింది.

"తాగేశావుగా. ఇంక మాట ఇచ్చినట్టే. కుర్రాడు మంచివాడు, వాళ్ళ అత్త నాకు తెలుసు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత కూజా వైపు చూశాను. పిల్లనడగడానికి పంపే చాంగ్ కూజా అంచుకి మా దగ్గర మూడు చోట్ల వెన్న అద్దుతారు. ఆ చాంగ్ ఇంటిపెద్ద తాగాడంటే పిల్లనిచ్చినట్టే, ఇంక వెనక్కి పోవడం ఉండదు. నేను పట్టుకున్న చోట, అంచు మీద, మూడు వెన్న ముద్దలు అంటుకుని ఉన్నాయి. ఈ అడిగే పని పెళ్ళికొడుకు మేనమామది. పాపం వీడి మామకి తీరిక లేక తనే మోసుకొచ్చాడనుకుంది ముసలమ్మ.

పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ యాంగ్‌డోల్ నా వైపు చూసింది. నోరు మెదిపావో చూడు, అన్నట్టుంది ఆ చూపు. మాట్లాడకుండా ఉంటే ఆమె నాదే. ఆ సంగతి నాకు తెలుసు.

కానీ ఎదురుగా ఆ మనిషి ఖాళీ గిన్నె పట్టుకుని, పాలిపోయిన మొహంతో కూర్చున్నాడు.

"ఇది అడగడానికి తెచ్చింది కాదండీ," అన్నాను. "మా అత్త అమ్మమ్మ కోసం పంపింది. ఆ వెన్న నా చేతులది."

గరిటె కిందపడింది.

"అడగాలని లేక కాదు. యాంగ్‌డోల్ అంటే నాకు ప్రాణం. మిమ్మల్ని మోసం చేసి తీసుకెళ్ళడం ఇష్టం లేదు, అంతే."

టుండుప్ కూజా అందుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. దారిలో ఎక్కడ ఆగావని అడిగాడు. ఎక్కడా లేదన్నాను. గ్లౌజులేవన్నాడు. వేసుకోలేదు, హ్యాండిల్‌కి బిగించిన తోలు తొడుగులే చాలన్నాను.

"ఈ చలిలో గంటసేపు బండి మీద వచ్చినవాడి చేతుల్లో వెన్న రాయి అయిపోవాలి," అన్నాడు. "ఇక్కడ నీ బొటనవేలి గీతలు కూడా పడ్డాయి."

నా చెయ్యి అడిగి తీసుకుని, ప్రతి వేలి కొసా తెల్లబడేదాకా నొక్కి, రంగు తిరిగొచ్చేదాకా చూశాడు. పదివేళ్ళూ అలాగే చూశాడు. ఆ తొడుగులు ఎవరు కుట్టారని అడిగితే, నేనే అని యాంగ్‌డోల్ చిన్న గొంతుతో చెప్పింది. ఆయన లేచి నా ముందు చెయ్యి చాపాడు.

"తాళాలియ్యి."

పదిహేను చలికాలాలుగా బండి ముట్టని మనిషి. వాకిట్లో ఒక్క తన్నుకి స్టార్ట్ చేసి, సగం వేళ్ళ చేతిని, మంచి చేతిని తొడుగుల్లో దూర్చి, ఊరవతలికి వెళ్ళిపోయాడు. మేమిద్దరం వాకిట్లో మిగిలాం.

"నోరు మూసుకుంటే ఏం పోయేది నీకు?" అంది యాంగ్‌డోల్. నన్ను నువ్వనడం అదే మొదలు.

"ఎప్పుడో ఒకనాడు ఆయనకి తెలిసేది. అప్పుడు నీ మొహం ఎలా చూసేవాణ్ణి?"

"ఇప్పుడు కాదంటే?"

"రేపు మళ్ళీ వచ్చి అడుగుతాను. ఎల్లుండి కూడా వస్తాను."

ఆమె చేతులు చలికి ఎర్రబడి ఉన్నాయి. పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు. "నాకూ నువ్వే కావాలి," అంది నేల చూస్తూ. "నాన్న చేత అవుననిపించుకునే కావాలి." బండి చప్పుడు ఎంతకీ వినబడదు. పడిపోయాడేమోనని ఇద్దరం ఒకేసారి అనుకున్నాం, పైకి మాత్రం అనలేదు.

చివరికి మలుపులో చప్పుడు వినబడింది. ముక్కు, బుగ్గలు ఎర్రగా, కళ్ళ నిండా నీళ్ళతో వచ్చి ఆగాడు. అది గాలికో మరొకటో నేనడగలేదు. ఇంజను ఆపాడు కానీ చేతులు తొడుగుల్లోంచి తియ్యలేదు. అక్కడే కూర్చుని మా ఇద్దరినీ, మా చేతుల్నీ చూశాడు.

"మీ మామ ఎప్పుడొస్తాడు?" అని నన్నడిగాడు.

పండగ వెళ్ళాక వస్తాడని చెప్పబోయాను.

"రేపు," అంది యాంగ్‌డోల్.